రెండో కుప్ప రంగు

డిల్లేసు గోడ మీద
మూరెడేసి పట్టీలు రెండు పూసి
"ఏటి వదినా, ఏది ఖాయం?" అన్నాడు.

కార్డు మీద ఇంగ్లీషు పేర్లున్నాయి.
పాప చదివింది. నాకు నోరు తిరగలేదు.
ఒకటి తొక్క తీసిన జీడిపప్పు,
ఒకటి బట్టీలో ఇంకో నిమిషం ఉండిపోయిన పప్పు.
ఆమాత్రం పేర్లు నాకూ తెలుసు.

పదకొండేళ్లుగా కాశీబుగ్గలో
ఏరుడు బల్ల ముందు కూర్చున్నదాన్ని.
తెల్లది ఇటు, కాస్త కమిలింది అటు.
నేను చూడను, చెయ్యే ఏరుతుంది.
సినిమాకెళ్లినా ముందు వరసలో చొక్కాలు
తెల్లవి ఇటు, వెలిసినవి అటు.
ఆ కాస్త తేడాకే
షావుకారు కిలోకి వంద కోసి రాస్తాడు.

ఇక్కడ డబ్బా ధర రెండింటికీ ఒకటే.
రెండుసార్లు అడిగాను.
"ఒకటే వదినా, ఒట్టు."
రంగు మారినా రేటు మారని చోట
దేన్ని మంచిదనాలో నా చేతికి తోచలేదు.

పొద్దున్న రెండూ కవలలు.
మిట్టమధ్యాహ్నం కిటికీ ఎండకి
ఒకటి వెనక్కి జరిగి నిలబడింది,
ఒకటి పక్కింటావిడలా దగ్గరకొచ్చి కూర్చుంది.
కరెంటు పోయాక సెల్లు లైటేసి చూస్తే
రెండూ చల్లారిన టీ.

"తెల్లదే వేయించు, ఇల్లు పెద్దగా కనబడుద్ది"
అన్నాడు మా తారకేసు.
ఉన్నవి రెండు గదులు.
తిత్లీ గాలికి రేకులు లేచిపోయిన రాత్రి
ఆకాశమంత పెద్దగా కనబడింది ఈ ఇల్లు.
ఇంక పెద్దగా కనబడక్కర్లేదు.

తెల్ల పలుకు ఎవరింటికెళ్తుందో నాకు తెలీదు.
డబ్బాలో సర్దుతాం, లారీ ఎక్కుతుంది.
పండక్కి మేస్త్రి పొట్లం కట్టి ఇచ్చేది
రెండో కుప్పలోదే.
పాప బుగ్గలో దాచుకుని
బడికి పట్టుకెళ్లింది ఆ రంగునే.

"రెండోది," అన్నాను.
"మాసినట్టుంటాది, ఆలోచించుకో."
"మాసినట్టు కాదురా. ఏగినట్టు."

దీపాల వేళకి ముందుగది అయిపోయింది.
తడి ఆరిందా అని బొటనవేలు ఆనించాను.
ఏరుడుకి రాకముందు జీడి కొట్టిన వేలు,
సబ్బుకి లొంగని నలుపు.
నలుపు అంటలేదు గానీ గీతలు పడ్డాయి.
రేషన్ మిషన్ ఒక్కసారీ పోల్చుకోని గీతలు.

డిల్లేసు చూసి బ్రష్షు ముంచబోయాడు.
ఉండనియ్, అన్నాను,
అక్కడికి బీరువా వస్తాది.