పగలు నిద్రపోయే ఇల్లు

చియాతురాలో గురువారం నా వంతు కొండమీది వీధి.
తీగకు వేలాడే పెట్టెలో నిలబడి పైకి పోతాను.
కింద ఏరు, గని కడిగిన నీళ్లతో నల్లగా.
దాని పేరు క్విరిలా. అరిచేది అని అర్థం.

సంచిలో చెక్క గరిటె, రెండు గిన్నె మూతలు,
గుడ్డతో కుట్టిన ఒక కోడి. అంతే.
ఖరీదైన బొమ్మలేవో తెస్తాననుకుంది కాబోలు,
మొదటి వారం షొరేనా ఆ సంచిలోకి రెండుసార్లు తొంగి చూసింది.

ఆ ఇంట్లో గడియారానికి కూడా గుడ్డ చుట్టారు.
మాల్ఖాజ్‌ది మాంగనీసు గనిలో రాత్రి షిఫ్టు,
పగలంతా లోపలి గదిలో నిద్ర.
తలుపు కీళ్లకు నూనె, కుర్చీ కాళ్లకు పాత మేజోళ్లు.
చెంచా కింద పడితే
పడినందుకు చెంచాయే సిగ్గుపడాలి.

పంతొమ్మిది నెలలు బాచోకి.
"ఒక్క మాటా రాలేదండీ,"
అంది షొరేనా, గొంతులోనే గొంతు దాచుకుని.
"వాళ్ల నాన్నకీ మూడేళ్లకి గాని రాలేదంటుంది మా అత్త."

వాడి వీపు వెనక మూతలు రెండూ తాకించాను.
గిరుక్కున తిరిగాడు. చెవులు బాగున్నాయి.
తప్పటడుగులతో నా దాకా వచ్చి
చూపుడువేలు పెదాల మీద పెట్టుకుని
"ష్" అన్నాడు.

"వచ్చిందమ్మా మాట," అన్నాను నవ్వుతూ,
"ఏది వింటే అదే నేర్చాడు."
ఆమె మొహం చూశాక నాలుక కరుచుకున్నాను.
కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం.
ముప్పై ఏళ్ల ఉద్యోగం నాకీ ఒక్కటీ నేర్పలేదు.

"బదులు చెప్పని వాడితో ఏం మాట్లాడను?"
బంగాళదుంప చెక్కుతున్నావు కదా,
ఆ తొక్క గురించే మాట్లాడు.
పొడుగ్గా వచ్చిందని, తెగిపోయిందని.
గుసగుసగానైనా సరే, గుసగుసా భాషే.
చెప్పాక, ఆగు.
ఆగడమే కష్టం, మనమే అడిగి మనమే జవాబిచ్చేస్తాం.
మనసులో ఐదు దాకా లెక్కపెట్టు.
వాడు కనుబొమ్మ ఎత్తితే అది బదులు,
కాలు ఆడిస్తే అదీ బదులే.
దానికి మళ్లీ నువ్వో మాట అను.

రెండో గురువారం గోడతో మాట్లాడినట్టు మాట్లాడింది.
మూడో గురువారం
"ఇదిగో తొక్క... పొడుగు తొక్క... పాము!" అని గుసగుసలాడి
ఆగింది.
ఒకటి. రెండు. మూడు.
నాలుగు దగ్గర వాడు ఆ పామును తీసి
నెత్తిన పెట్టుకున్నాడు.

షొరేనా నవ్వింది.
పగలబడి. గడియారం గుడ్డ జారేంతగా.
ఆమె గొంతు అంత బొంగురుదని అప్పుడే తెలిసింది నాకు.

లోపల మంచం కిర్రుమంది.
ముగ్గురం బిగుసుకుపోయాం.

మాల్ఖాజ్ వచ్చాడు. ఎంత కడిగినా పోని నలుపు
కాటుకలా కళ్ల చుట్టూ.
"ఎవరూ నవ్వింది?"
ఎవరం చెప్పలేదు.
నేలమీద బాసింపట్టు వేసుకుని కూచున్నాడు,
కొడుకు నెత్తిమీది తొక్కను చాలాసేపు చూశాడు.
తర్వాత ఏం తోచిందో,
తీగ మీది పెట్టె గట్టు చేరే చప్పుడు చేశాడు:
"ట్ర్ర్ర్ర్..."
అక్కడ ఆపేశాడు.
ఆగమని ఎవరూ చెప్పలేదతనికి.
చీకట్లో లిఫ్టు కోసం నిలబడే మనిషి, ఆగడం తెలుసు.

"టక్," అన్నాడు బాచో.

మా భాషలో మామ అంటే నాన్న, దేదా అంటే అమ్మ.
ఆ రెండూ రావడానికి చలికాలమంతా పట్టింది.
కుర్చీలు మేజోళ్లు విప్పేశాయి.
ఇప్పుడు చప్పుడు ఆగితేనే
మెలకువ వస్తోందట మాల్ఖాజ్‌కి.

నా పుస్తకంలో మొదటి మాట అని ఒక గడి ఉంటుంది.
"టక్ అని రాయండి," అంది షొరేనా, "ఆ రెండోది వద్దు."
రెండూ రాశాను.

నిన్న దిగి వస్తుంటే పెట్టె గట్టుకు తగిలి ఆగింది.
"టక్," అన్నాను పైకే.
ఉల్లికాడల మోపుతో పక్కనున్న ముసలాయన
నా వైపు అదోలా చూసి,
ఏదో బదులు చెప్పాలి కాబోలు అనుకుని
టోపీ సర్దుకున్నాడు.