నక్షత్రం మూత

బస్సు ఆటోనగర్ దాటకముందే
పిల్లలందరికీ ఆ ఐసు సంగతి పాకిపోయింది.
గుంటూరు మిర్చి ఐసంట, ఎర్రగా ఉంటదంట,
కప్పుకి వెండి నక్షత్రం మూతంట,
పండగ వారమే అమ్ముతారంట, రోజుకి నూట యాభై.
నూట యాభై ఒకటో వాడికి ఏమిస్తారు?
ఎబినేజరు అడిగాడు.
వందనాలు చెప్పి పంపిస్తార్రా, అంది పాస్టరమ్మ.

హైవే పక్కన పార్కు.
లోపలంతా దూది మంచు.
మన డిసెంబరు ఎండకి అది కరగదు,
దాని పక్కన నిలబడ్డ క్రిస్మస్ తాతే కరుగుతున్నాడు,
గడ్డం పైకెత్తి మెడ తుడుచుకుంటూ.
తిరిగే కుర్చీలకి గంట.
నీళ్ల జారుడుకి గంటన్నర.
బాత్రూముకి కూడా ఇరవై నిమిషాలు.
మా కెజియా ఏదీ ఎక్కనంది.
"ఐసు లైను చాలమ్మా."

రెండింటికి నిలబడ్డాం,
కౌంటరు తెరిచేది నాలుగింటికి.
మా ముందు బెజవాడ కొత్త జంట.
ఆవిడ ఎత్తు చెప్పులు విప్పి ఆయన చేతికి తగిలించింది.
ఆయన వాటిని ప్రసాదంలా పట్టుకున్నాడు.
పసుపు పట్టీ కొనుక్కున్నోళ్లు మాత్రం
పక్క గేటులోంచి వస్తున్నారు, నాక్కుంటూ పోతున్నారు.
నాకు లైను కొత్త కాదు,
యార్డులో కాటా దగ్గర ఎన్నిసార్లు నిలబడలేదు.
అక్కడైతే టిక్కీ మీద కూలబడొచ్చు.
ఇక్కడ కూచుంటే చోటు పోతది.

టోకెను నూట నలభై నాలుగు.
కెజియా గుప్పిట్లో పెట్టుకుని మూసేసింది.
తెరిచి చూస్తే చెమటకి
నాలుగంకె అరచేతిలోకి దిగిపోయి ఉంది.

కప్పు నూట ఎనభై.
ఆ డబ్బుకి ఎన్ని కిలోల కాయకి తొడిమ తీయాలో
లెక్క మొదలెట్టి
మధ్యలో వదిలేశా.

దొరికింది.
మా వెనక ఇంకో ఆరుగురికి.
ఆపైన షట్టరు దిగింది, ఎవరో పిల్లాడు గుక్కపట్టాడు.

మొదటి చెంచా పెట్టుకుని కెజియా కళ్లు మూసుకుంది.
కారం ఎప్పుడొస్తదా అని ఎదురుచూసింది.
పక్కన నీళ్ల గ్లాసు సిద్ధంగా పెట్టుకుంది కూడా.
"అమ్మా, మండట్లేదే!"

నేనూ ఒక చెంచా తిన్నా.
పాలు, చక్కెర, ఎరుపు.
తేజ కాదు.
మూడు నలభై ఒకటి అసలే కాదు.
బ్యాడిగి. ముడతలు ముడతలుగా ఉంటది,
రంగు కోసం కొంటారు,
బస్తా విప్పితే తుమ్ము కూడా రాదు.
పదకొండేళ్లుగా తొడిమలు తీస్తున్న చెయ్యి నాది,
నాలిక్కంటే ముందు దానికే తెలిసింది.

కౌంటరు కుర్రాడికి చెబుదామనుకున్నా.
ఎర్రటోపీ కళ్ల మీదికి జారితే
భుజంతో ఎగదోసుకుంటున్నాడు, చేతులు ఖాళీ లేక.
వాడూ పొద్దున్నుంచీ నిలబడే ఉన్నాడు.
ఏం చెప్తాంలే.

సువార్తమ్మకి చెప్పా.
విరగబడి నవ్వింది, బెంచీ కదిలింది,
"నా కొంగు దులిపినా ఇంతకంటే ఘాటొస్తదే!"
నిజంగానే దులిపింది.
ఎబినేజరు తుమ్మాడు.

కెజియా ఒక్క చుక్క వదల్లేదు.
మండకపోయినా నూట నలభై నాలుగోది కదా.
కప్పు కుళాయి కింద కడిగి,
మూత కొరికి చూసి, ప్లాస్టిక్కే అని తేల్చుకుని,
జడ రిబ్బను విప్పి చుట్టి
ఒళ్లో పెట్టుకుని నిద్రపోయింది, ఇంటిదాకా.

జనవరి మూడున కోల్డ్ స్టోరేజి సరుకు దిగింది.
తేజ. అసలుది.
రాత్రిళ్లు అరచేతులు పొయ్యి మీద పెట్టినట్టుంటాయి,
దుప్పటి తగిలినా ఓర్చుకోలేను.
కొబ్బరినూనె ఇప్పుడు ఆ కప్పులో ఉంటది.
నా చేతులతో మూత ముట్టనివ్వదు, తనే తీసి
రెండు వేళ్లతో రాస్తది.
"కొంచెమే అమ్మా, మళ్లీ దొరకదు" అంటది.
నూనె గురించో, కప్పు గురించో
నేనడగలేదు.