చెంబులో నీళ్ళు

కుప్పం నుంచి నల్లరాయి వచ్చి పదకొండు రోజులు.
కింద వరండాలో గోడకు చేరగిలబడి,
వీపు మీద సుద్దముక్క అంకెలతో
వంతు ఎప్పుడొస్తుందో తెలియని క్యూలా నిలబడి ఉంది.

చెంగల్రాయుడు మేస్త్రీ దాని వంకైనా చూడలేదు.
మెట్లెక్కి మిద్దె మీదికొచ్చి
చెంబుడు నీళ్ళడిగాడు.
తాగుతాడనుకున్నాను.
గది నడుమ నేల మీద పెట్టి
"ఆ పిలకాయల్ని మిషన్లు తొక్కమను మే" అన్నాడు.

కస్తూరి, షమీం, ఇంకా నలుగురు
ఒక్కసారిగా తొక్కారు.
నీళ్ళ మీద
వలయం వెనక వలయం.
పదిహేనేళ్ళుగా ఆ వణుకు మీద కూర్చునే
సంతపేట ఆడవాళ్ళందరికీ
తిన్నగా కుట్టు వేస్తున్నాం.

"చెక్క వంగుతాది, మళ్ళా లేస్తాది.
రాయికి ఆ ఇద్దె రాదు.
వంగమంటే ఇరుగుతాది.
ముందు ఈ చెంబు నిలబడాల.
అందాకా రాయి మాట ఎత్తబాకు."

చీటీ పాడి తెచ్చిన డబ్బు నా గొంతులో అడ్డం పడింది.
వేలూరు రోడ్డు అంగడివాడు
నాలుగు రోజుల్లో అతికిస్తానన్నాడే అన్నాను.
"అతికిస్తాడు,"
బీడీ చెవి వెనక దోపుకున్నాడు,
"ఊడేటప్పుడు మాత్రం రాడు."

పాత సున్నపు గచ్చు తవ్వారు.
పగుళ్ళలోంచి ఎప్పుడెప్పుడో జారిన సూదులు
గుప్పెడు, తుప్పుతో ఒకదాన్నొకటి పట్టుకుని.
ఒక్కొక్క సూదికీ ఎవరినో తిట్టే ఉంటాను.

దూలాల్ని సుత్తిపిడితో తట్టి
చెవి ఆనించి విన్నాడు.
మూడు పలికాయి.
నాలుగోది పలకలేదు.
పైన పచ్చరంగు నిగనిగలాడుతూనే ఉంది,
లోపల చెదలు తినగా మిగిలిన బూడిద.

కింద బియ్యం అంగడి మూయించి
జాకీ నిలబెట్టాడు.
రోజుకు ఒక్క నూలు పైకి.
"తొందరపడితే గోడ ఏడుస్తాది."
ఆయన నూలు అంగుళంలో ఎనిమిదో వంతు,
నా నూలు కండెకు చుట్టుకునేది.
అయినా ఆ మాట విన్నాక
ఈ మనిషి మీద నాకు అనుమానం పోయింది.

చచ్చిన దూలం చోట ఇనప గర్డరు.
బతికినవాటికి పక్కన జోడీ చెక్కలు,
మధ్య మధ్య అడ్డబిళ్ళలు.
పైన పలకలు, కమ్మివల, పలచని కాంక్రీటు.
నీళ్ళ గొట్టం ఒక కొన షమీం చేతిలో,
ఒక కొన ఆయన చేతిలో.
రెండు కొనల్లో నీరు ఒక్క మట్టానికి వచ్చేదాకా
ఇద్దరూ మాట్లాడలేదు.
తర్వాత ఏడు రోజులు తడి గోనెపట్టాలు,
వంతులవారీగా మేమే నీళ్ళు పోశాం.
జాకెట్లకి వచ్చినవాళ్ళు గుమ్మంలోంచే అరిచి వెళ్ళిపోయేవాళ్ళు.

రాయి పరిచేటప్పుడు
గోడ చుట్టూ చిటికెనవేలంత సందు వదలాలన్నాడు.
అంత రాయి కొని సందెందుకు?
"రవికె పక్కల్లో లోపల గుడ్డ వదలవా మే?
ఇల్లూ అంతే. ఎండాకాలం ఒళ్ళు చేస్తాది."

నాకు నవ్వొచ్చింది.
రేపు వచ్చేవాళ్ళు రాతి నలుపు చూస్తారు,
అందులో తమ చీర అంచు చూసుకుంటారు.
గర్డరు ధర ఎవరడుగుతారు?
పెళ్ళి జాకెట్టు లోపల
లైనింగు ఎంత మెత్తగా వేశానో
నన్నెవరడిగారు?

ఇవాళ సాయంత్రం మిషన్లు పైకెక్కించాం.
చెంబు మళ్ళీ నడుమ పెట్టాడు.
ఆరుగురూ తొక్కారు.
కస్తూరి మొండిది, ఇంకా గట్టిగా తొక్కింది.
వీధిలో లారీ కూడా పోయింది.
నీళ్ళు కదల్లేదు.
వంగి చూస్తే నా మొహం
ఒక్క ముక్కగా ఉంది.

రాయి ఇంకా కిందే ఉంది.
"రేపు ఎత్తిద్దాం" అంటూ
చెంగల్రాయుడు చెంబెత్తి
ఆ నీళ్ళు గటగటా తాగేశాడు.