చచ్చినట్టు పడుకోవడం

బర్మింగ్‌హామ్, డిగ్‌బెత్‌లో ఓ పబ్బు మేడ మీది గది.
నలభై కుర్చీలు, పదిహేడు మంది.
లైట్ల దగ్గర నేను. మీటలు మూడే:
తెలుపు, పసుపు, మూడోది పనిచెయ్యదు.

వాళ్లు నలుగురు, ఐర్లండు వాళ్లు.
రాత్రి డబ్లిన్‌లో ఓడెక్కి
తెల్లారి హోలీహెడ్‌లో దిగి
అద్దె వ్యానులో శవపేటికతో సహా వచ్చారు.
పేటిక అట్టది. దారి పొడుగునా దాన్లో
బట్టలూ బిస్కెట్లూ.

ఫోన్లో వాళ్ల శవజాగారం నలభై రెండు సెకన్లు.
నేనూ చూశాను, మందుల షాపు కౌంటరు కింద దాచుకుని,
దగ్గుమందు అడిగినాయన ఎదుట
నవ్వాపుకోలేక నేనే దగ్గుతూ.
పీనుగ పక్కన అక్కచెల్లెళ్లిద్దరు
శాండ్‌విచ్‌కి వెన్న ఎవరు రాశారని పోట్లాడుకుంటారు.
పీనుగ ఒక కనుబొమ్మ ఎత్తుతుంది.
అంతే. కట్.
పదకొండు లక్షల మంది చూశారట.
ఒక్క నవ్వూ వాళ్ల చెవిన పడలేదు.

పగటివేషగాళ్లూ ఇంటింటికీ వెళ్లేవాళ్లే,
కానీ గుమ్మంలో నిలబడి మొహం చూసేవాళ్లు.
జోలెలో గింజ పడిందో లేదో
అక్కడికక్కడే తేలిపోయేది.

ఇక్కడ కత్తెర లేదు.
డొనొక తొమ్మిది నిమిషాలు చచ్చినట్టు పడుకోవాలి.
చచ్చినట్టు అంటే మా భాషలో
తప్పదు అని కూడా అర్థమని
టీ తాగేటప్పుడు చెప్పాను.
"మా ఊళ్లోనూ తప్పదు" అన్నాడు, బిస్కెట్ ముంచుకుంటూ.

నాలుగు నిమిషాలు ఎవరూ నవ్వలేదు.
వెన్న దగ్గరా నవ్వలేదు.
గోబ్‌నిట్ గొంతు ఎండిపోవడం
నా దాకా వినిపిస్తోంది.
కనుబొమ్మ లేచింది. ఎవరో దగ్గారు.
అది అసలు దగ్గే.

అప్పుడు ముందు వరసలో ముసలాయన,
టోపీ మోకాలికి తగిలించుకున్నాయన
(పేరు మల్లాకీ, ముప్పై ఏళ్లు బస్సు నడిపాడని తర్వాత తెలిసింది)
లేచి నిలబడి, కోపంగా కూడా కాదు,
"కిటికీ తెరవరేమమ్మా?
వాడు ఎటు పోతాడు?" అన్నాడు.

కాగితంలో లేదు ఆ మాట.
గోబ్‌నిట్ నా వైపు చూసింది.
నా దగ్గరున్నది పసుపు. పసుపే వేశాను.
ఆమె వెళ్లి, ఏళ్ల రంగు పేరుకుని బిగుసుకున్న కిటికీని
అరచేత్తో, భుజంతో, చివరికి బూటు విప్పి కొట్టి
తెరిచింది.

జనవరి లోపలికొచ్చింది.
కింద బస్సు ఆగి నిట్టూర్చడం,
వేయించిన చేపల వాసన,
తాగినవాడెవడో ఎవరికో క్షమాపణ చెప్పుకోవడం.
ముసలాయన తల వంచాడు.
వెనక ఇంకో ఇద్దరు.
ఎవరెవరి కోసమో నేనడగలేదు.
కాసేపు అది చావిల్లే.

పీనుగ తుమ్మింది.

నా నోట, చిన్నప్పటి అలవాటు,
"చిరంజీవ!" అని వచ్చేసింది.
శవానికి.
అర్థం తెలియకపోయినా ముందు ఎవరు పగలబడ్డారో,
పదిహేడు మందీ పడ్డారు.
నవ్వు నాలుగు విధాల చేటన్నవాడు
ఆ గదిలో లేడు.
పేటిక అట్ట ఒక పక్క చిరిగింది,
లోపల శవం కడుపు పట్టుకుని దొర్లుతోంది.
మల్లాకీ టోపీతో కళ్లు తుడుచుకున్నాడు,
దేనికో ఆయనకే తేలనట్టు.

స్టాండు మీది ఫోను
మూడో నిమిషంలోనే చార్జి అయిపోయి ఆరిపోయిందట.
కీలిన్ ఆ సంగతి చెబితే
నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.
మర్నాడు కొవెంట్రీ. ఆ హాలుకి కిటికీల్లేవు.

అందరూ వెళ్లాక మూయబోతే
కిటికీ కదల్లేదు.
పబ్బాయన వచ్చి చూసి
బాగుచేయించే ఖర్చు నా లెక్కలో కోస్తానన్నాడు.