లీకేజీ కాదు

ఆగస్టు. రాస్ అల్ ఖైమాల పొద్దుగాల ఆరింటికే
వ్యాను అద్దాలకు బయటిదిక్కు నీళ్లు.
వైపర్ తిప్పితె ఉప్పు గీతలు.

విల్లా నంబరు పద్నాలుగు.
కాయితం మీద రాసి ఉంది: సీలింగుల లీకేజీ, మూడోసారి.
మొదటిసారి ట్యాంకు మార్చిండ్రట.
రెండోసారి డాబా మీద తారు పోసిండ్రట.
మరక మాత్రం ఉన్నకాడనే,
జొన్నరొట్టె మీది మాడు లెక్క,
ఏటికింత పెరుగుకుంట.

మేడమ్ పనామె దిక్కు చెయ్యి చూపింది:
"బట్టలు లోపల ఆరేస్తది. ఆ తడే ఇది."
పనామె ఏమనలే.
ఆమె చేతిల ప్లాస్టిక్ టబ్బు, టబ్బుల రాత్రి నీళ్లు,
నీళ్లల్ల ఒక దోమ.

నిచ్చెనెక్కి పలక జరిపి తల లోపల పెట్టిన.
ప్రతి ఇంటికి మీద ఇంకో ఇల్లుంటది,
కిరాయి లేనిది, కిటికీ లేనిది.
సిమెంటు కప్పుకు, జిప్సం పలకకు నడుమ
రెండు మూరల చీకటి.
నిలవడరాదు, పాకాలె.
ఉడకబెట్టి మరిచిపోయిన గుడ్డ వాసన.

టార్చి కొట్టిన.
డక్టు ఒంటినిండ బొట్లు,
వెలుగు తాకంగనె అన్ని ఒక్కపారి
కండ్లు తెరిచినయి.

ఇరవై రెండేండ్ల సంది ఇదే పని నాది.
నీళ్లు కనబడితె అందరు పగులు వెతుకుతరు.
పగులు దొరక్కపోతె మనిషిని వెతుకుతరు.
ఉక్కగాలి నీళ్లను నెత్తిన పెట్టుకోనే తిరుగుతదని,
సల్లటిదేదన్న తాకితె
ఇగ నాతోని కాదని అక్కడ్నే దించుతదని
ఎవ్వరికి చెప్పినా నవ్వుతరు.
కారేదేమో కండ్లముందట, తెచ్చేదేమో కనబడది.

మెడల ఒక బొట్టు పడ్డది, మంచుగడ్డ అసువంటిది.
"ఓరి నీ…" అన్న.
కిందికెళ్లి గొంతు: "ఏమన్నా, తెలుగోళ్లా మీరు?"
పుల్లంపేట దిక్కంట. ఓబులమ్మ.
"యాడ్నించి కారతాంది?" అన్నది.
"ఏడికెళ్లో చూస్తున్న" అన్న.
నీళ్లను మాత్రం ఇద్దరం నీళ్లే అన్నం.

మోచేతుల మీద పాకుకుంట పోతె మూలకు దొరికింది.
మేడమ్ స్నానాల గది ఫ్యాను పైపు,
గోడ దాటి బయటికి పోవాల్సింది,
జానెడు దూరంల ఊడి
చీకట్ల నోరు తెరుచుకోని ఉంది.
రోజూ ఆమె పోసుకునే వేడినీళ్ల ఆవిరంత ఇండ్లకే.
దాని పక్కపొంటి డక్టుకు చుట్టిన ఉన్ని చినిగి
తళతళ రేకు బయటపడ్డది.

టేపు ఊడిన కాడ వేలు పెట్టిన.
అందరు ఎడమకెళ్లి కుడికి చుట్టుతరు.
ఇది కుడికెళ్లి ఎడమకు.
పుర్రచేతి చుట్టు.
మా కంపెనీల పుర్రచెయ్యి నాదొక్కటే.

విల్లాలన్ని ఒక్కతీరే ఉంటయి, బయటికెళ్లి గుర్తుపట్టలే.
ఎనిమిదేండ్ల కింద, గిదే ఆగస్టు,
రోల్ అయిపోయింది, వ్యాను హారన్ కొడుతుంది,
ఇంకో మడత పడాలె, పడలే.
ఎవ్వడు చూస్తడు అనుకున్న.

గాలి చూసింది.

పైపు గోడకు అతికిచ్చిన. పాత ఉన్ని పీకి,
తడి తుడిచి, ఎండినంక కొత్తది చుట్టి,
మూడు మడతల టేపు ఒత్తిన,
బొటనవేలు తిమ్మిరెక్కేదాక.

దిగినంక ఓబులమ్మ మెల్లగ అన్నది,
ఈ మరక పేరు మీద జీతంలో
రెండుసార్లు యాభై కోసినారని.
నా చెమటకు, ఆ బొట్లకు తేడా తెలుస్తలేదు ఒంటిమీద.

కాయితం మీద "కారణం" అని ఒక గీత ఖాళీ ఉంటది.
పెన్ను చానసేపు దాని మీదనే ఆగింది.
మేడమ్‌తోని నాకొచ్చిన అరబ్బీల చెప్పిన:
"బట్టలు కాదు. గాలి. పైపు.
ఇగ ఆ టేపు, అది నేనేసిందే."
ఆమె నన్ను చూసింది, మరకను చూసింది,
ఫోను తీసి మా సూపర్‌వైజర్ నంబరు అడిగింది.
చెప్పిన.

సామాను సర్దుతుంటె
ఓబులమ్మ టబ్బు కడిగి, బోర్లించి, దులిపి,
మళ్ల మరక కిందనే పెట్టింది.
"ఇంక కారదమ్మా" అన్న.
"కారదులేన్నా," అన్నది,
"పొద్దున్నే చూసి, ఎండగా ఉంటే అప్పుడు తీస్తా."