ఎడమ చెంప

గొడుగు ఊచ విరిగితే పారెయ్యను.
సాన మీద కొన తీస్తే చాలు,
ఉంబురానా చెక్క వెన్నలా లొంగుతుంది.
ఈ సెర్తావులో వాన ఎటూ పడదు,
గొడుగులకి ఇంకేం పని?

శనివారం సంతకి పద్యకథల పుస్తకాలొస్తాయి,
వాటి అట్టలకి బొమ్మలు నావి:
మాట్లాడే ఎద్దు,
తోక కాలిన సైతాను,
పెళ్లికూతుర్ని గుర్రమెక్కించుకుపోయిన దొంగ.
తాడుకి క్లిప్పులతో వేలాడి
రొట్టె ఖరీదుకి అమ్ముడుపోతాయి.

ఆ మధ్యాహ్నం జెనివల్ వచ్చాడు,
మేకలు కాసే మనిషి,
తోలుటోపీ చేతుల్లో నలుపుతూ.
"దొరలీసి బొమ్మ కావాలి, దోనా జుల్మీరా."
ఫొటో ఉందా?
లేదు. ఒక్కటీ తీయించలేదు.
ఉన్నదల్లా అతని నోరు:
ముక్కు కాస్త పొట్టి.
నవ్వితే ఒక కన్ను ముందు మూసుకునేది.
ఎడమ చెంప మీద పుట్టుమచ్చ, కందిగింజంత.

ఐదు రోజులు చెక్కాను.
నలభై ఏళ్లుగా అరిగిన చెయ్యి,
అక్షరాల్ని తిప్పి చెక్కడం నిద్రలోనూ వచ్చు.
అయినా ఆ మచ్చ దగ్గర
అతని గొంతే చెవిలో ఉండి
చెప్పింది చెప్పినట్టే చెక్కేశాను.

సిరా రోలరు తిప్పి, కాగితం పరిచి,
గరిటె వీపుతో రుద్ది రుద్ది
ఓ మూల పట్టుకుని ఎత్తాను.
తడి నలుపులోంచి లేచింది దొరలీసి,
మచ్చ కుడి చెంపకి మారి.

"తప్పు నాది. మళ్లీ చెక్కుతా, డబ్బొద్దు."
అతను పలకలేదు.
బయట మేకొకటి నా గోడసున్నం నాకుతోంది.
చాలాసేపటికి అన్నాడు:
"తలుపు పక్కన మేకుకి చిన్న అద్దం.
పొద్దున్నే జడేసుకునేది.
నేను వెనక నించుని కాఫీ తాగేవాణ్ణి.
ఎదురెదురుగా ఎప్పుడు చూసుకున్నాం, పనుల్లో?
ఇదే. ఈ పక్కే."

ఆరకముందే పట్టుకుపోయాడు,
రెండు చేతుల మీద, తొణుకుతుందన్నట్టు.
మేకపిల్లనిస్తానన్నాడు,
ఇంకా ఇవ్వలేదు.

చెక్క నా దగ్గర మిగిలింది.
అందులో మచ్చ ఎడమ వైపే ఉంది,
ఆమె మోసిన చోటే.
అచ్చయ్యాక చిత్రిక పట్టి
కొత్త బొమ్మ చెక్కడం నా అలవాటు,
ఉంబురానా ఈమధ్య దొరకడం లేదు మరి.
రెండుసార్లు తోపడా తీశాను,
రెండుసార్లూ దాని మీద గుడ్డ కప్పాను.

చివరికి చెక్క తిరగేసి
వీపు మీద సైతానుని చెక్కాను.
సంతలో బాగా పోయాడు.
వాణ్ణి అచ్చు వేసేటప్పుడు మాత్రం
గరిటె గట్టిగా నొక్కను.
అడుగున ఆవిడ
బల్లకి ముఖం ఆనించి ఉంటుంది.