సెకండ్ గేర్

ఇరవై మూడేళ్ళు ఈ ఘాట్‌ని
రెండో గేరులోనే విన్నాను.
సాలూరు దాటిన దగ్గర్నుంచి సుంకి దాకా
ఇంజను మూలుగే నాకు కొండంటే.
వంపుకో హారను. హారనుకో వంపు.
అద్దంలో కండక్టర్ గౌరేసు కునికిపాట్లు.

ఇప్పుడు రిటైరై,
మోకాళ్ళ డాక్టరు మాట పెడచెవిన పెట్టి,
మేనల్లుడు మోజు తీరి పారేసిన గేర్ల సైకిలు మీద
అదే రోడ్డు.
గంటకి ఐదు కిలోమీటర్లు.
కొన్నిచోట్ల అదీ లేదు, దిగి తోస్తున్నాను.

కొండకి వాసనుంటుందని
ఎవరూ చెప్పలేదు నాకు.
తొమ్మిదో వంపులో తడి నాచు,
పదకొండులో ఎవరో ఆరబోసిన అల్లం,
ఆ పైన లారీ బ్రేకులు కాలిన కమురు,
అదొక్కటే పాత పరిచయం.
రోడ్డు కింద తూములో దూరి
గెడ్డ ఒకటి అవతలికి పోతోంది.
ఇన్నేళ్ళూ దాని నెత్తి మీంచే పోయాను
దానికో గొంతుందని తెలీకుండా.

పద్నాలుగో వంపులో చైను ఊడిపోయింది.
ఊడితే ఊడింది గాని
సరిగ్గా అక్కడే ఎందుకూడాలి?

ఆ చోటు నాకు తెలుసు.
సున్నం వెలిసిన కిలోమీటరు రాయి, పక్కన జీలుగు చెట్టు.
ఎప్పుడూ ఎవరో ఒకరు చెయ్యెత్తి ఉండేవారు.
గంపలో కోళ్ళు, అల్లం బస్తా,
ఒకసారి నులక మంచం మీద
దుప్పట్లో చుట్టిన మనిషి.
నేను ఆపలేదు.
ఎక్కుడులో ఆపిన బండి మళ్ళీ అందుకోదు,
వెనక్కి జారుతుంది,
లోపల యాభై ఎనిమిది మంది.
అబద్ధం కాదు, డిపోలో ఎవర్నయినా అడగండి.
మంచం మోసినవాళ్ళలో ఒకడు
ఎత్తిన చెయ్యి దించకుండా నిలబడ్డం
అద్దంలో చూశాను, వంపు తిరిగేదాకా.

చేతులకి గ్రీజుతో తలెత్తేసరికి
ఎదురుగా ఒకావిడ, చంకలో ఆనపబుర్ర.
పేరు సుక్రి. శుక్రవారం పుట్టిందట.
డొప్పలో పోసిచ్చి మండియా పేజ్ అంది.
మా ఊళ్ళో చోడంబలి అంటాం.
పులుపు మాత్రం ఒకటే.
పది ఇస్తే ఐదు వెనక్కిచ్చింది.

బస్సు తప్పిపోయావా? అనడిగింది
సగం ఒరియా, సగం మన సంత తెలుగులో.
లేదన్నాను.
అయినా ఆవిడ వదల్లేదు,
పిల్లాడికి చెప్పినట్టు చెప్పింది:
ఇక్కడ నిలబడితే లాభం లేదు తాతా,
ఎక్కుడు కదా, ఆపితే పాపం బండి కదల్దు.
పైకి నడువు. చదునున్న చోట ఆగుతుంది.
మేమంతా అక్కడికే నడుస్తాం.

పాపం, అంది. బండిని.

డొప్పలో అడుగున మిగిలిన పిండి
వేలితో నాక్కుంటూ ఉండిపోయాను.
ఇరవై మూడేళ్ళ సర్వీసు
నోటిదాకా వచ్చి ఆగింది.
అంతలో కింది వంపులో హారను.
కోరాపుట్ సర్వీసే.
కుర్రాడు గేరు ఆలస్యంగా మార్చాడు,
బండి ఒక్కసారి దగ్గి, అందుకుంది.
నాలో ఎవడో కాలు నొక్కాడు, లేని క్లచ్చి మీద.
బస్సు మమ్మల్ని దాటిపోయింది.
సుక్రి చెయ్యెత్తలేదు.

సైకిలు హ్యాండిల్‌కి చిన్న మీటరుంది,
పోయిన దూరం చూపిస్తుంది.
రాయి దగ్గర సున్నా చేసి
తోసుకుంటూ బయల్దేరాను.
చదును వచ్చేసరికి
ఒకటి పాయింటు ఆరు.
బస్సులో ఐదు నిమిషాలు లేదు.
ఒట్టి సైకిలుతో నాకు నలభై పట్టింది.
మంచంతో ఎంతో.

పొట్టంగి దారి పొడుగూతా వలిసె పూసింది,
కొండల మీద ఎవరో పసుపు నీళ్ళు ఒలకబోసినట్టు.
బాగుంది. ఆగి ఫొటో తీశాను కూడా,
వేలు అడ్డొచ్చింది.

రాత్రికి సెమిలిగుడ.
రేపు నందపూర్ వైపు.
దిగుడెక్కువంటున్నారు,
బ్రేకు రబ్బర్లు మార్చుకోవాలి.